ఒక్క నిమిషం నిశ్శబ్దం

పొద్దున పదిన్నరకి చిట్టి డబ్బింగ్ థియేటర్‌కి వచ్చింది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే వేళ. కిటికీల్లేవు, గోడలకి మెత్తటి పలకలు, పాత తివాచీ వాసన. మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి ఇవతల సౌండ్ ఇంజినీరు, ఆయన మీటలు. అవతల గదిలో ఒక తెర, ఒక మైకు, కాగితాలు పెట్టుకునే ఇనప స్టాండు. ఆ గదికి ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు.

చిట్టి అంటే ఇంట్లో పిలుపు. బయట పేరుమోసిన హీరోయిన్, పద్నాలుగు సినిమాలు చేసింది. అమ్మమ్మ నాటకాల్లో రాణి వేషాలకి పెట్టింది పేరు. అమ్మ ఇరవయ్యేళ్లు వెండితెరని ఏలింది. పురిట్లో పాపాయి ఏడుపు విని "అయ్యో, గొంతు సన్నంగా ఉందే" అని పెదవి విరిచిన కుటుంబం అది! అందుకే మొదటి సినిమా నుంచీ మొహం చిట్టిది, మాట అమ్మది. జనం ఆ మొహాన్ని మెచ్చుకున్నారు. ఆ గొంతుకి మాత్రం ప్రాణం పెట్టారు. చిట్టికి ఒళ్లు మండేది. కానీ అమ్మకి ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది గనక?

అమ్మ పోయి రెండు నెలలైంది. చిట్టి మనసారా ఏడ్చింది. ఆ ఏడుపు అడుగున ఎక్కడో, చెప్పుకుంటే సిగ్గుచేటు, కాస్త హాయిగా కూడా అనిపించింది. ఈ సినిమాలో ఇంకొక్క సీనుకే మాట మిగిలింది. "నేనే చెప్తాను" అని దర్శకుడి దగ్గర పట్టుబట్టింది. ఆయనకి నచ్చిందా, ఇకమీదట అన్నిటికీ తన గొంతే. నచ్చలేదా, అమ్మ గొంతుని అచ్చు దింపేసే మిమిక్రీ అమ్మాయిని పిన్ని ఎప్పుడో మాట్లాడి పెట్టింది. పిన్ని అమ్మకి స్వయానా చెల్లెలు. చిట్టి డేట్లన్నీ చూసేది ఆవిడే.

"నీ మంచికే చెప్తున్నా చిట్టీ, ఆ గొంతు మన ఇంటి ఆస్తి. చేజేతులా పోగొట్టుకోకు," అంది పిన్ని.

"మరి నా గొంతు ఎవరింటిది పిన్నీ?"

పిన్ని మొహం తిప్పేసుకుంది. చిట్టి నవ్వుకుంటూ అద్దం అవతలికి వెళ్లింది. రెండు తలుపులూ దబ్బుమని మూసుకున్నాయి. పని నడుస్తుండగా ఎవరూ జొరబడకుండా బయట గడియ పెట్టడం అక్కడ మామూలే.

"ముందు గది నిశ్శబ్దం తీసుకుంటానమ్మా," అన్నాడు ఇంజినీరు హెడ్‌ఫోన్లలో.

మాటకీ మాటకీ మధ్య అతకడానికి ఒక్క నిమిషంపాటు ఖాళీ గది చప్పుడు రికార్డు చేస్తారు. ఆ నిమిషం నోరు విప్పకూడదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదు. ఎర్ర దీపం వెలిగింది.

మైకు మీది స్పాంజిలోంచి లవంగం వాసన. అమ్మ బుగ్గలో ఎప్పుడూ ఓ లవంగం ఉండాల్సిందే. చిట్టికి ఆ వాసనంటేనే వాంతి. అమ్మ ఇక్కడే నిలబడేది. మొదటి సినిమా రోజున చిట్టి ఈ మూలన కూర్చుని, "అమ్మా, ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?" అని అడిగింది. అమ్మ ఉంగరంతో స్టాండు మీద రెండుసార్లు కొట్టింది. నోర్ముయ్యండి, నేను మొదలెడుతున్నా అని దానర్థం. టీ కుర్రాడి దగ్గర్నుంచి దర్శకుడిదాకా అందరికీ తెలుసు.

ఇప్పుడు కొట్టు చూద్దాం, అనుకుంది చిట్టి. కొంటెతనం, అంతే. పద్నాలుగు సినిమాల కడుపుమంట. మైకు దగ్గరికి వంగి గుసగుసగా అంది.

"అమ్మా... ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?"

ఇనప స్టాండు మీద... టక్. టక్.

చిట్టి చేతులు రెండూ వెనక్కి కట్టుకునే ఉన్నాయి.

"బాగుంది, సీను వేస్తున్నా," అన్నాడు ఇంజినీరు. ఆయనకేం వినపడలేదు కాబోలు. తెర మీద బొమ్మ కదిలింది. గదిలో బందీ అయిన హీరోయిన్ తలుపు బాదుతోంది. చిట్టి స్టాండు వంక ఓసారి చూసింది. అయినా నోరు తెరిచింది.

"తలుపు తియ్యండి..."

నిండుగా, బరువుగా, కొస దగ్గర చిన్న జీర. అమ్మ గొంతు.

చిట్టి పెదాలు బిగించింది. పెదాలు వాటంతటవే విడిపోయాయి. తరవాతి మాట వచ్చింది... ఆ తరవాతిదీ వచ్చింది. తెర మీది పెదాలకి ఇసుమంత కూడా తేడా లేకుండా. హెడ్‌ఫోన్లు పీకి పారేసింది. తలుపు దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులతో బాదింది. 'పిన్నీ, ఇది నేను కాదు, నన్ను బయటికి లాగు' అని గొంతు చించుకుని అరిచింది. అరిచాననుకుంది.

"తలుపు తియ్యండి! నేను బతికే ఉన్నాను!"

అద్దం అవతల ఇంజినీరు బొటనవేలు పైకెత్తి చూపించాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

దీపం ఆరింది. గడియ తీశారు. చిట్టి తూలుతూ వచ్చి పిన్ని భుజాలు పట్టుకుంది. చెప్పాలి. ఒక్క మాట. ఎలాగైనా...

"ఇంకో టేకు అక్కర్లేదు. దర్శకుడికి పంపించండి," అంది ఆమె నోరు.

పిన్ని ఆమె కళ్లలోకి చూసింది. "అక్కా..." అంది, చాలా మెల్లగా.

"ఇదేంటమ్మా, నిశ్శబ్దంలో ఏదో పడింది," అన్నాడు ఇంజినీరు. మీట నొక్కాడు.

స్పీకర్లలో సన్నటి గొంతు. "అమ్మా... ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?" రెండు దెబ్బలు. ఆ తరవాత చిట్టి ఎప్పుడూ అనని మాటలు, ఎక్కడో లోతులోంచి. "పిన్నీ... నేనిక్కడున్నాను. పిన్నీ, తలుపు తియ్యి..."

"ఎవరిదండీ ఈ గొంతు?" అన్నాడు ఇంజినీరు.

పిన్నికి తెలుసు. ఎత్తుకు పెంచిన పిల్ల గొంతు తెలీకుండా ఎలా ఉంటుంది? స్పీకరు వైపు చూసింది, చిట్టి వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఎవరిదో. చెరిపెయ్యండి."

వద్దు పిన్నీ, వద్దు... చిట్టి లోపల్లోపలే గుండెలు బాదుకుంది. నోరు మాత్రం హాయిగా నవ్వింది. ఇంజినీరు మీట నొక్కాడు. సన్నటి గొంతు సగంలో తెగిపోయింది.

"పద, ఆకలేస్తోంది," అంది నోరు. మెట్లు దిగుతుంటే నాలుక కింద ఏదో గరుగ్గా తగిలింది. పళ్ల మధ్యకి వచ్చింది. పటుక్కున నలిగింది.

లవంగం.