లెక్కకు అందని ఐదోవాడు

ఉదయం ఏడుంపావుకి పండ్ల గోదాములో గది తలుపు తీశారు. గడప లోపలే ముసలి హమాలీ బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

పండ్లు చెడకుండా ఆ గదిలో ఆక్సిజన్ తీసేస్తారు. ముందురోజు సాయంత్రం తలుపు మూసి బటన్ నొక్కింది ఆపరేటర్. చనిపోయినవాడి సొంత కోడలు.

“మామాకోడళ్లకి పడదు సార్. ఊరందరికీ తెలుసు,” అన్నాడు మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ ఆమెను పక్కకి పిలిచాడు.

“లోపల చూశావా?”

“ఆకుపచ్చ లైటు వెలిగింది సార్. వెళ్లినవాళ్లూ వచ్చినవాళ్లూ సమానమైతేనే వెలుగుతుంది. గడప దగ్గర సెన్సర్ లెక్కపెడుతుంది.”

“సైరన్?”

“మోగించాను. మామయ్యకి చెవుడు.”

“రాత్రి ఇంటికి రాకపోతే వెతకలేదా?”

“నిన్న పొద్దున పోట్లాడుకున్నాం. అలిగి చెల్లెలింటికి వెళ్లాడనుకున్నా.”

సెన్సర్‌ని ఎవరూ ముట్టుకోలేదని టెక్నీషియన్ తేల్చాడు. నేరం ఆ పిల్ల మెడకే చుట్టుకునేలా ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి మనసొప్పలేదు. ఆ సెన్సర్ తయారుచేసిన ఇంజనీరుకి ఫోన్ చేశాడు. తర్వాత అందరినీ గది ముందుకు రమ్మన్నాడు.

గదిలోకి మామూలు గాలి వదిలారు. తలుపు బార్లా తెరిచారు. నలుగురు హమాలీలు లోపలికెళ్లారు.

“ఇప్పుడు మీరు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌తో.

మేనేజర్ కాలు కదల్లేదు. “నలుగురు చాలు కద్సార్.”

“ఐదోవాడు వెళ్తే ఏమవుతుంది?”



ఇన్‌స్పెక్టరే లోపలికి నడిచాడు. నలుగురినీ బయటికి పంపాడు.

ఆకుపచ్చ లైటు వెలిగింది.

“నేను లోపలే ఉన్నాను. ఇది గది ఖాళీ అంటోంది,” అన్నాడు. “దీనికి ఉన్నవి ఐదే స్థితులు. ఎవరూ లేరు, ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఐదోవాడు వస్తే గుర్తుపెట్టుకునే చోటు లేదు, నలుగురి దగ్గరే ఆగిపోతుంది. నలుగురు బయటికొస్తే ఖాళీ. ఇంజనీరు ఈ సంగతి ఇక్కడ ఒక్కరికే చెప్పాడు. మీకు. నిన్న ఐదోవాణ్ణి పంపిందెవరు?”

“లారీ ఆగి ఉంది సార్... ఇంకో చెయ్యి పడితే త్వరగా తెములుతుందని... ఆయనా అందరితో పాటు వచ్చేస్తాడనుకున్నా.”

“సరే. శవం దొరికాక కోడలి వైపు వేలు చూపించారే, అది?”

మేనేజర్ తల వాల్చేశాడు. జీపు అతన్ని తీసుకుపోయింది.

కోడలు మాత్రం కదల్లేదు.

“సార్, లోపల్నించి తలుపు కొడితే బయటికి వినబడుతుందా?”

“వినబడదమ్మా. జానెడు మందం.”

“కొట్టే ఉంటాడు కదా?”

ముసలాయన వేళ్ల కణుపులు కమిలిపోయి ఉండడం ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే చూశాడు.

“లేదమ్మా. ఆ గాలిలో ముందు మగత కమ్మేస్తుంది. నిద్రలోనే పోయాడు,” అన్నాడు, టోపీ సర్దుకుంటూ.