భీమవరంలో ఆసియా పంపకం

"ఆవిణ్ణి కాపాడొద్దు. అది నీ పని కాదు."

చీఫ్ సూర్యప్రకాశం ఐసు దిమ్మల మధ్య నిలబడి ఆ మాట చెప్పారు. భీమవరంలోని ఆ ఐస్ ఫ్యాక్టరీయే ఆయన రహస్య ఆఫీసు. మెషీన్ తిరుగుతున్నంతసేపూ లోపలి మాట బయటికి పోదు.

"అలాగేనండి," అంది ఏజెంట్ తబిత.

అది 1994. రొయ్యల వ్యాపారం పొంగుతున్న రోజులు. ఎంతమంది విదేశీయులు దిగినా "రొయ్యల కోసం వచ్చుంటార్లే" అనుకునేవారు జనం. అందుకే రెండు అగ్రరాజ్యాల దూతలు రహస్య సమావేశానికి ఈ ఊరిని ఎంచుకున్నారు. డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో ఒకాయన పేరు గజం, రెండో ఆయన పేరు మకరం. ఆసియా ఖండాన్ని రెండు వాటాలు వేసుకుని, ఒకరి వాటాలో ఇంకొకరు వేలు పెట్టకూడదని సంతకాలు చేసుకోబోతున్నారు.

"ఒప్పందం వాళ్లంతట వాళ్లే విరగ్గొట్టుకున్నట్టుండాలి," అన్నారు చీఫ్. "మనం కనిపించకూడదు."

"అప్పుడు తప్పంతా ఈ సమావేశం ఏర్పాటు చేసిన వర్షిణి మీద పడుతుందండి. చంపేస్తారు."

"ఆవిడ డబుల్ ఏజెంటమ్మా. ఇద్దరి ఉప్పూ తింటోంది."

'నేనూ ఆవిడ ఉప్పే తింటున్నాను కదా,' అనుకుంది తబిత.

రెండు నెలలుగా ఆమె వర్షిణి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో టైపిస్టు వేషంలో ఉంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని వర్షిణి కారు దిగితే, చూసిన మగవాళ్లు స్కూటర్లు కాలవలోకి పోనిచ్చేవారు. అలాంటి మనిషి తబితకి జ్వరమొస్తే పక్కన కూర్చుని జావ తాగించింది. దూతలిద్దరూ ఒకరి దుబాసీని ఒకరు నమ్మకపోతే, "మా తబితకి మీ ఇద్దరి భాషలూ వచ్చండి. నా సొంత చెల్లెల్లాంటిది," అని పూచీ ఇచ్చింది.

ఆ పూచీ మీదే తబిత ఆ మధ్యాహ్నం ఆఫీసు మేడ మీద, వర్షిణి ఎదురుగా, దూతల మధ్య కూర్చుంది. మెడలో సిలువ లాకెట్. లోపల మైక్రోఫోన్. పాస్టరుగారి అమ్మాయి సిలువలో దొంగ మైకు! ఆ లాకెట్ ఇనపగుండులా బరువనిపించింది.

గజం బల్ల మీద మ్యాప్ పరిచాడు. ఎర్రగీత ఆసియాను నిలువునా చీల్చి, గోదావరి మీదుగా దిగింది. రాజమండ్రి ఒకరికి, కొవ్వూరు ఇంకొకరికి! ఏరు దాటాలంటే ఇక వీళ్లనడగాలి కాబోలు.

"సంతకం పెట్టమనండి," అన్నాడు గజం తన భాషలో.

గోదావరి జిల్లాల్లో అన్నదమ్ములు పొలం పంచుకుంటే పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. వేసినవాడి బుద్ధి అప్పుడు బయటపడుతుంది.

తబిత మకరం వైపు తిరిగి అతని భాషలో అంది: "గీత వారు గీశారు కాబట్టి, నచ్చిన సగం మిమ్మల్ని ముందు కోరుకోమంటున్నారు."

మకరం మొహం వెలిగిపోయింది. చమురు బావులున్న పడమటి సగం మీద అరచెయ్యి పెట్టాడు.

"అది మాది!" గజం కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

ఈ మాటని తబిత అక్షరం పొల్లుపోకుండా అనువదించింది.

"అంటే మంచి ముక్క ముందే దాచుకున్నావా?" మకరం మ్యాప్‌ని పర్రున చించేశాడు. గజం పిస్టల్ తీసి వర్షిణి నుదుటికి ఆనించాడు. "ఈ నాటకం నీదేనా?"

వర్షిణి మొహం పాలిపోయింది. అయినా ఆమె తబితకి అడ్డంగా జరిగింది. "చిన్నపిల్లండి. భాష సరిగ్గా రాక పొరపాటు పడింది. దాన్ని వదిలేయండి."

తబిత నోరు మూసుకుంటే మిషన్ సక్సెస్. చీఫ్ చెప్పిందీ అదే.

"పొరపాటు కాదు!" అని అరిచింది. "నేను గవర్నమెంటు ఏజెంటుని. కావాలనే చేశాను. అక్కకేం తెలీదు. ఐసు కరిగింది!"

ఆఖరి మాట లాకెట్‌కి. కింద రొయ్యల పెట్టెలు మోస్తున్న కమాండోలకి అదే సిగ్నల్.

పిస్టల్ తబిత వైపు తిరిగింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటుండగా తలుపు విరిగిపడింది. గుండు సీలింగ్‌లోకి పోయింది. దూతలిద్దరికీ బేడీలు పడ్డాయి.

వర్షిణికీ పడ్డాయి. జీపులో తబిత ఆమె పక్కనే కూర్చుంది. మొహం బయటపడిన గూఢచారికి ఇక ఏ వేషమూ ఉండదు. ఆ బాధ కన్నా, పక్కనున్న బేడీల చప్పుడే ఆమెని ఎక్కువగా కోసింది.

"క్షమించక్కా."

వర్షిణి ఆమె వైపు తిరిగి అంది: "ఇంత మెత్తటి మనసు పెట్టుకుని ఈ ఉద్యోగంలో ఎలా చేరావే?"

తబిత కళ్లు తుడుచుకుంది.

"టీచర్ ట్రైనింగ్‌లో సీటు రాలేదక్కా."