తేదీ చెప్పని ఇంజనీరు

"మా ఇంటికి ఎప్పుడొస్తావు?"

"త్వరలో."

"త్వరలో అంటే?"

కౌశల్ ఇడ్లీని చెమ్చాతో పొడుస్తూ కూర్చున్నాడు. ఎదురుగా నేత్రావతి అతని మొహం మీంచి చూపు తిప్పడం లేదు. 2001 వర్షాకాల సమావేశాలు. బెంగళూరు విధానసౌధ క్యాంటీన్ కిటకిటలాడుతోంది.

"కొంచెం టైమ్ ఇవ్వు నేత్రా. సీరియస్‌గానే ఆలోచిస్తున్నా."

"ఇది మీ డిపార్ట్‌మెంట్ జవాబప్పా! మా పెద్దనాయనకు రాసిచ్చేదీ ఇదే, నాకు చెప్పేదీ ఇదే. ఆదివారం చింతామణి నుంచి పెళ్ళిచూపులకు వస్తా ఉండారు. ఆలోపల వచ్చి అడిగితే సరి. లేకుంటే వాళ్ళకు నా చేత్తోనే కాఫీ ఇస్తాను."

సగం కాఫీ వదిలేసి విసురుగా వెళ్ళిపోయింది.

నీళ్ల శాఖలో ఇంజనీరైన కౌశల్ పని, సభలో మంత్రిగారు చెప్పాల్సిన జవాబులు తయారుచేయడం. ప్రతిపక్ష ఎమ్మెల్యే వెంకటరమణప్పకు ప్రశ్నలు రాసిపెట్టేది ఆయన తమ్ముడి కూతురు నేత్రావతి. ఆమె నిలదీయడం, అతను తప్పించుకోవడం. అలా పోట్లాడుకుంటూనే ప్రేమలో పడ్డారు. కానీ వాళ్ళ ఊరు మారగానపల్లి గొంతు ఎండబెట్టింది అతని శాఖే. రోజూ తమను ఉతికి ఆరేసే పెద్దమనిషి ముందు నిలబడి, పిల్లనివ్వండని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

పదకొండింటికి ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. కౌశల్ అధికారుల గ్యాలరీలో తన పైఅధికారి లక్ష్మీనారాయణ పక్కన కూర్చున్నాడు. మంత్రి తడబడితే చీటీ రాసి పంపాలి. పై గ్యాలరీలో నేత్రావతి నీలం చున్నీ కనిపించింది. అటు చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆమె చూడలేదు.

వెంకటరమణప్ప లేచారు. మారగానపల్లికి నీళ్ళెప్పుడు?

"త్వరలో," మంత్రి చదివారు. అది కౌశల్ రాసిన జవాబే.

పెద్దాయనకు కోపమొస్తే కన్నడంలోకి తెలుగు దూరుతుంది. "త్వరలో అంటే ఎప్పుడు స్వామీ? ఆడవాళ్ళు ఎండలో బిందెలు మోసి మోసి సస్తా ఉండారు. తేదీ చెప్పండి!"

సభలో గోల. మంత్రి అధికారుల గ్యాలరీ వైపు చూశారు.

"చర్యలు తీసుకుంటున్నాం అని రాసెయ్," లక్ష్మీనారాయణ గుసగుసలాడారు.

కౌశల్ పెన్ను తీశాడు. మారగానపల్లి బోరుకు కావాల్సిన మోటారు ఊరి చివర పీణ్య గోడౌన్‌లో దుమ్ము పట్టి పడుంది. పంపించే నాథుడు లేడు, అంతే. మళ్ళీ పైకి చూశాడు. ఈసారి నేత్రావతి అతన్నే చూస్తోంది. ఆమె కళ్ళలో కోపం లేదు. ఆశ కూడా లేదు. అది చూసి అతనికి నిజంగా భయమేసింది.

'ఆదివారం. మోటారు తీసుకుని నేనే వెళ్తాను.' గబగబా రాసి, పైఅధికారి ఆపేలోపే మార్షల్ చేతిలో పెట్టాడు.

మంత్రి చదువుకుని, ఊపిరి పీల్చుకున్నారు. "ఈ ఆదివారమే! మా ఇంజనీరే స్వయంగా వస్తారు."

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?" లక్ష్మీనారాయణ తల పట్టుకున్నారు.

సభ ముగిశాక వరండాలో అందరూ వాన తగ్గడం కోసం నిలబడ్డారు. వెంకటరమణప్ప అటూ ఇటూ చూశారు. "ఎవరప్పా ఆ ఇంజనీరు?"

"నేనే సార్." కౌశల్ జనాన్ని దాటుకుని, జల్లు పడుతున్న వరండా అంచుకు వచ్చాడు. "నీళ్ళ కోసమే కాదు సార్ వచ్చేది. నేను మీ నేత్రావతిని ప్రేమించాను. మీ ఇంట్లో అందరి ముందూ అడగడానికి వస్తున్నాను."

పెద్దాయన అతన్ని కింది నుంచి పైదాకా చూశారు. "ఇది నేనిచ్చిన ప్రశ్నలో లేదే?"

ఆయన పక్కనే నిలబడ్డ నేత్రావతి వైపు తిరిగారు. "ఏమమ్మా? చింతామణి వాళ్ళకు ఏం చెప్పమంటావు?"

నేత్రావతి గొడుగు తెరిచి, తడుస్తూ నిలబడ్డ కౌశల్ పక్కకు వచ్చింది.

"తేదీ చెప్పినాడు కదా పెద్దనాయనా," అంది. "ఇంక నేను అడిగేదేమీ లేదు."