కడిగేసిన సంతకం

“అయ్యో! ఏం చేశారండీ ఇది!”

ఓదిల్ కేకకు వంటగది దద్దరిల్లింది. కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టిన యాభై సాంతీమ్‌ల చిల్లర నోటు కాగితం తెల్లగా మెరుస్తోంది. అచ్చువేసిన అక్షరాలన్నీ అలాగే ఉన్నాయి... కింద నాన్న సంతకం మాత్రం లేదు!

“మురికంతా ఎలా వదిలిందో చూడు!” భర్త ఫిర్మాఁ మురిసిపోతున్నాడు. “కాస్త బ్లీచింగు నీళ్ళలో ముంచానంతే. ఆదివారం ప్రార్థన అయ్యాక పాత నోట్లు సేకరించే మావాళ్ళంతా కళ్ళు తేలేస్తారు!”

“నా ప్రార్థన పుస్తకంలోంచి తీశారా? నన్నొక్క మాట అడగకుండా!”

యుద్ధంలో శత్రువు ఊరిని పట్టుకున్నప్పుడు చిల్లర దొరకక పురపాలక సంఘమే ఈ కాగితాలు అచ్చు వేయించింది. అక్కడ గుమాస్తా అయిన ఆమె తండ్రి అన్సెల్మ్ ప్రతి కాగితం మీదా చేత్తో సంతకం పెట్టాడు. ఆయనను బందీగా పట్టుకుపోయిన ఉదయం, రొట్టె కొనుక్కోమని దీన్ని కూతురి చేతిలో పెట్టాడు. ఆకలితో కడుపు మెలిపెడుతున్నా ఆ పిల్ల దాన్ని ఖర్చు చేయలేదు! ఆయన తిరిగి రాలేదు... సమాధైనా లేదు!

“ఏడవకు ఓదిల్! ఆయన సంతకమున్నవి ఇంకో నాలుగు తెచ్చిస్తాగా...”

“అవి నాన్న నాకిచ్చినవా? చెప్పండి!”

పొయ్యి పక్కన కూర్చున్న అత్తగారు చేతిలోని అల్లిక విసిరికొట్టింది. “నోర్ముయ్‌రా! పుట్టి బుద్ధెరిగాక ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు. ఇవాళ కడిగాడమ్మా, కడిగాడు! మీవాళ్ళకి ఎవరి చేతుల్లోనూ నలగని కాగితానికే విలువట! ఊరి ఆకలి తీర్చిన దానికి లేదట! ఇదెక్కడి న్యాయంరా?”

ఫిర్మాఁ తల దించుకున్నాడు. “నాకు తట్టలేదమ్మా... నిజంగా తట్టలేదు...”

ప్రేమగా దాచేవాళ్ళే ఇలా చెరిపేస్తే దేవుడు మాత్రం ఎవరిని తప్పుపడతాడు?

ఓదిల్ కళ్ళు తుడుచుకుంది. కలమూ సిరాబుడ్డీ తెచ్చి, ఖాళీ అయిన చోట తండ్రి పేరు తన చేత్తో నెమ్మదిగా రాసింది. ఆపబోయిన ఫిర్మాఁ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

“ఇప్పుడు మీవాళ్ళ లెక్కలో దీని విలువ పోయినట్టేనా?”

“పూర్తిగా...” అన్నాడతను.

“మంచిది! ఇక దీని జోలికి ఎవరూ రారు.”