పని లేని పిల్లకి ముత్యం

"నీ ఏలు ఒక అర్ధగంట అప్పియ్యి సుమా" అన్నాడు హనుమేష్.

జీన్స్ ప్యాంట్ల కుప్ప మీద నుంచి సుమ తలెత్తింది. బళ్ళారి చివర ఉన్న ఆ వాషింగ్ యూనిట్‌లో ఆమె పని, మిషన్‌లోంచి బరువుగా దిగిన ప్యాంట్లను మందు నీళ్ళ తొట్టిలో ముంచి, రంగు సరిగ్గా దిగిందో లేదో చూసి పక్కన వేయడం. అతని పని, వాటిని టెంపోలో వేసుకుని సత్యనారాయణపేట గోడౌన్‌కి చేర్చడం. ఈ రెండు పనులకీ మధ్య అతను ఒక జోక్ వేయాలి, ఆమె నవ్వాపుకోవాలి. ఏ రోజైనా ఆమెకి నవ్వు రాకపోతే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

"ఏలెందుకప్పా?"

"మా అత్త కూతురికి వెండి ఉంగరం కొనాల. దాని ఏలూ నీ ఏలూ ఒకటే సైజు. సర్‌ప్రైజ్ కదా, దాన్నే పిలుచుకోని పోతే ఏం బాగుంటాది?"

సుమ అప్పుడే తీసిన ప్యాంటునే మళ్ళీ తొట్టిలో ముంచింది. అతనంటే ఎప్పటినుంచి ఇష్టమో ఆమెకే తెలియదు. బయట పడితే పరువు పోతుందని నవ్వు కూడా సగమే నవ్వుతూ వచ్చింది. ఇప్పుడు ఎక్కడిదో ఒక అత్త కూతురు ఊడిపడింది. రానని చెప్పొచ్చు. కానీ ఆ మహాతల్లి ఎలాంటిదో కాస్తయినా తెలుసుకోకపోతే మనసు ఊరుకోదు కదా. చేతులు కడుక్కుని టెంపో ఎక్కింది.

కంటోన్మెంట్‌లో నాగక్క వెండి అంగడి చిన్నదే. నాగక్క కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నల్ల మఖమల్ గుడ్డ మీద ఉంగరాలు పరిచింది. ముందు ఒకదాని లోపలి వైపు చూపించి 925 అనే ముద్ర చదివించింది. అచ్చంగా వెండే అయితే మెత్తగా వంగిపోతుందట, రాయి నిలవదట. అందుకే కొంచెం రాగి కలుపుతారట. ఈ ముద్ర లేనిది ఎంత తళతళలాడినా కొనొద్దంది.

తర్వాత అసలు ప్రశ్న వేసింది. "రాయి అందం చూసి ఎత్తుకోగూడదప్పా, పెట్టుకునే చెయ్యి చూసి ఎత్తుకోవాల. ఆ పిల్ల ఏం పని చేస్తాది?"

హనుమేష్ సుమ వైపు చూశాడు. వెంటనే పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"ఏం పనీ లేదక్కా. ఊరికే ఇంట్లో కూచోనుంటాది" అన్నాడు.

అయితే ఏదైనా పరవాలేదని నాగక్క రాళ్ళన్నీ వరసగా చెప్పుకొచ్చింది. ముత్యం, పగడం, ఫిరోజా మెత్తనివి. సబ్బు తగిలినా, సెంటు పడినా ముఖం మాడ్చుకుంటాయి. గార్నెట్ గట్టిది, ఒళ్ళు వంచి పనిచేసే చేతికి అదే నమ్మకం.

సుమ కన్ను అప్పటికే గార్నెట్ మీద పడింది. దానిమ్మ గింజంత ఎర్ర రాయి. సైజు చూసే వంకతో వేలికి పెట్టుకుంది. అక్కడే పుట్టి పెరిగినట్టు కూర్చుంది. తనకంటూ ఎవరైనా ఒకటి కొనిస్తే ఇదే కావాలనుకుంది. ఆ వెంటనే కొనేది ఎవరికోసమో గుర్తొచ్చి, వేలు కాలినట్టు తీసేసింది. పనీపాటా లేని పిల్లకి ఇంత గట్టి రాయి దేనికి?

"ముత్యం ఇయ్యక్కా. చెయ్యి తడవని మారాణికి ముత్యమే సరిపోతాది" అంది.

హనుమేష్ ముత్యం ఉంగరాన్ని ఆమె ముందుకు జరిపాడు. నీకు నచ్చిందా అని మాత్రం అడిగాడు. నాకు నచ్చితే ఏం లాభం అంది సుమ. నచ్చితే చాల్లే అన్నాడు అతను, ముఖం చేటంత చేసుకుని.

నాగక్క ఉంగరాన్ని పెట్టెలో పెడుతూ జాగ్రత్తలు చెప్పింది. అలంకారమంతా అయ్యాక చివర్లో పెట్టుకోవాలి, ఇంటికి రాగానే మొదట తీయాలి. చింతపండు, విభూతి, సోడా పెట్టి తోమకూడదు, మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. మందులూ ఆవిర్లూ ఉన్నచోట అసలు పెట్టుకోకూడదు. అలాగని పెట్టెలో దాచినా నల్లబడుతుంది, పెట్టుకుంటూ ఉండాలి. ఎదురుగా ఉన్న ఇద్దరిలో ఒకరికి సంతోషంతో చెవులు మూసుకుపోయాయి, ఇంకొకరికి ఏడుపుతో. పాపం నాగక్క గోడకి చెప్పినట్టయింది.

యూనిట్ ఇంకో మలుపులో ఉందనగా హనుమేష్ టెంపో పక్కకి ఆపాడు. బళ్ళారిలో ప్రేమించుకునేవాళ్ళ మీద వాన కన్నా ముందు ఎర్ర దుమ్మే కురుస్తుంది. ఆ దుమ్ము కాస్త అణిగేదాకా ఆగి, పెట్టె తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"మా అత్తకి కూతురు లేదు సుమా. ముగ్గురూ మొగపిల్లోళ్ళే."

సుమకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక నోరు తెరవబోతే అతనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే ఏం చెప్పొద్దు. నేను ఏం మాట్లాడినా నవ్వులాట అనుకుంటారు అందరూ. ఇది నవ్వులాట కాదు. బాగా ఆలోచన చెయ్యి. అమ్మవారి సిడిబండి జాతర పొద్దు నీ ఏలికి ఇది ఉంటే మా అమ్మకి చెప్తా. లేకుంటే మళ్ళా ఎప్పుడూ అడగను. అంతవరకూ తీయొద్దు, అంతే."

ఆ పూట సుమ తనలో తనే ఎంత నవ్వుకుందో. ఇంతసేపూ ఎవరి మీద కుళ్ళుకుందో ఆ మారాణి తనే. చెయ్యి తడవదని ఎవరికి ముత్యం ఏరిందో ఆ చెయ్యి పొద్దస్తమానం మందు నీళ్ళలో ఉండే ఈ చెయ్యే.

తీయొద్దన్నాడు కాబట్టి తీయలేదు. స్నానానికి తీయలేదు, గిన్నెలు తోమేటప్పుడు తీయలేదు, తొట్టి దగ్గరా తీయలేదు. నాగక్క మాట ఒకసారి అరకొరగా మెదిలింది. కానీ నాగక్క మాట ఎక్కడ, హనుమేష్ మాట ఎక్కడ? చిరుగుల రబ్బరు గ్లౌజు ఉంగరం మీదికి లాక్కుని అదే జాగ్రత్త అనుకుంది. మందు నీళ్ళు ఆ చిరుగులోంచి లోపలికి పోయి అక్కడే నిలిచేవి.

కొన్నాళ్ళకే వెండి మీద పసుపు పచ్చటి మరక వచ్చింది. అది గోధుమ రంగయి, చివరికి కాటుకలా నల్లబడింది. ముత్యం మెరుపు పోయి సుద్దముక్కలా అయింది. గోరు తగిలితే పొర లేచింది.

తల్లి హులిగెమ్మ అది చూసిన రోజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఉంగరం ఎవరిచ్చారని కూడా ఆమె అడగలేదు.

"తీసేయమ్మా. కొత్త వెండి నల్లబడితే ఇచ్చినోనికి అచ్చిరాదు. మీ నాయన కొనిచ్చిన మెట్టెలు ఇట్లే అయినాయి. మొగుడిచ్చినవి ఎట్ల తీసేది అని నేను మొండికేస్తి. తీసింటే మనిషి దక్కేటోడేమో."

సుమ తండ్రి జ్వరం ముదిరి పోయి చాలా ఏళ్ళయింది. అయినా హులిగెమ్మ ఆ నల్ల మెట్టెలను ఒక డబ్బాలో పెట్టి ఉంచింది, శిక్షని దాచుకున్నట్టు. తల్లి ఎదుట ఇవన్నీ ఉత్త మాటలని కొట్టిపారేసింది గానీ, సుమ ఉంగరం వైపు మళ్ళీ ధైర్యంగా చూడలేకపోయింది.

ఆ వారంలోనే యూనిట్‌కి కబురొచ్చింది. సంగనకల్లు దారిలో హనుమేష్ టెంపో బోల్తా పడిందట. ప్రాణానికి భయం లేదు, చెయ్యి విరిగింది. తోటివాళ్ళు అయ్యో అనుకుంటూ ఉండగానే సుమ తొట్టి వెనక్కి పోయింది. సబ్బు రాసి, చర్మం గీరుకుపోయేలా లాగి ఉంగరం తీసేసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను బతికి ఉండటం కన్నా ఆమెకి ఏదీ ముఖ్యం కాదు, తను కూడా కాదు.

సిడిబండి రోజు ఊరు ఊరంతా గుడి ముందరే ఉంది. ఆ జనంలో కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని హనుమేష్ వచ్చాడు. ముఖం కన్నా ముందు ఆమె చెయ్యి చూశాడు. కొంగు చాటున దాచుకుంటే ఇంకో నాలుగు రోజులు ఆశపడేవాడేమో. సుమ దాచలేదు. అతనికి అనుమానం మిగలకుండా బోడి వేలు కనబడేలా చెయ్యి ముందుకే పెట్టుకుంది. కారణం చెబితే నవ్వేస్తాడు, నవ్వి మళ్ళీ తొడుగుతాడు. ఆ నల్ల ఉంగరం ఈసారి చేతితో వదిలిపెడుతుందా?

హనుమేష్ ఆ వేలి మీంచి చూపు తిప్పుకున్నాడు. అతని దగ్గర జోక్ లేకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం.

"సరే సుమా. అడగనని మాటిచ్చింటి కదా" అన్నాడు.

చెయ్యి జాగ్రత్త అని మాత్రం అనగలిగింది సుమ. ఆ తర్వాత యూనిట్‌కి వేరే డ్రైవర్ వచ్చాడు. అతను మంచివాడే, పని చూసుకుని పోయేవాడు. మధ్యాహ్నాలు ఒకదానిలాగే ఇంకొకటి గడిచాయి. ఎవరికోసం నవ్వు ఆపుకోవాలో తెలియక సుమకి నవ్వడమే మరుపుకొచ్చింది.

ఉంగరం మాత్రం ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నా అతనికి కీడేనేమో అన్న భయం పీకుతూంటే, ఒక సెలవు రోజు దాన్ని నాగక్క దగ్గరికి తీసుకెళ్ళింది. కరిగించేయమంది. నాగక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తటి గుడ్డ తీసి వెండిని మెల్లగా రుద్దింది. గుడ్డ నల్లబడుతూ వచ్చింది, వెండి తెల్లబడుతూ వచ్చింది. కాసేపట్లో కొన్న రోజులాగే మెరిసింది.

"జీన్స్ వాషింగ్‌లో చేస్తాండావా? చేతుల వాసనే చెప్తాంది. ఆ మందుకి ఏ వెండైనా నల్లబడతాదమ్మా, దేవుని కిరీటమైనా సరే. దీనికేం కాలేదు. ముత్యం మాత్రం పాయ. వెండికి మెరుపు మళ్ళా వస్తాది, ముత్యానికి రాదు."

"మా అమ్మ కూడా ఆ యూనిట్‌లోనే పనిచేసింది అక్కా" అంది సుమ, ఎక్కడో చూస్తూ.

అప్పుడే అద్దాల తలుపు తోసుకుని హనుమేష్ లోపలికొచ్చాడు. చెయ్యి బాగైంది. బయట ఆటోలో అతని తల్లి కూర్చుని ఉంది. చెప్పి పెట్టిన ఉంగరం తీసుకుపోవడానికి వచ్చాడు. మర్నాడు తాంబూలాలు. పిల్ల పేరు కావేరి. మిరప చేనులో పనికి పోతుందని ఈసారి నాగక్కకి నిజమే చెప్పాడట.

అతని చూపు ముందు సుమ మీద పడి, తర్వాత గుడ్డ మీది ఉంగరం మీద ఆగింది. ఏమైందని అడిగాడు. నాగక్క ఇద్దరినీ చూసి, పెట్టె వెతికే పని పెట్టుకుని లోపలికెళ్ళింది. సుమ అంతా చెప్పింది. తీయొద్దన్న మాట కోసం తొట్టిలో కూడా తీయకపోవడం, నల్లబడటం, అమ్మ మెట్టెలు, సంగనకల్లు కబురు. చెప్పినంతసేపూ ఉంగరం వైపే చూసింది. నువ్వంటే నాకు ప్రాణం అన్నప్పుడు మాత్రం అతని వైపు చూసింది.

హనుమేష్ తలుపు వైపు తిరిగాడు. "ఇప్పుడే పోయి అమ్మకి చెప్తా. తాంబూలాలు వద్దంటా" అన్నాడు.

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ ఆమె లోపల్లోపల చచ్చిపోయింది. ఒక్క ఊ అంటే చాలు. సుమ ఆ ఊ ని మింగేసింది.

"ఆ పొద్దు, లేని పిల్ల మీద కుళ్ళుకుంటి. ఆ కొంచెం సేపుకే నాకెట్లుండెనో నాకే తెలుసు. ఈ పిల్ల నిజంగా ఉండాది కదప్పా. చీర కూడా తీసుకోనింటాది."

అతను తల వంచుకున్నాడు. నాగక్క తెచ్చిన పెట్టె తెరిచి చూసుకుని అడిగాడు.

"ఆ పొద్దు నీకే అని చెప్పింటే, ఏది ఎత్తుకునేదానివి?"

సుమ అతని చేతిలోని పెట్టె వైపు చూపించింది. దానిమ్మ గింజంత ఎర్ర రాయి.

"ఇదే" అంది.

బయటి నుంచి తల్లి పిలిచింది. హనుమేష్ పెట్టె మూసి వెళ్ళిపోయాడు.

ఉంగరాన్ని నాగక్క దగ్గరే వదిలేసి ఇంటికొచ్చాక సుమ డబ్బా దించి తల్లి మెట్టెలు తీసింది. నాగక్క ఇచ్చిన గుడ్డతో ఒక్కొక్కటీ రుద్దింది. తెల్లగా మెరుస్తున్న మెట్టెలను హులిగెమ్మ అరచేతిలో పెట్టి, మందు నీళ్ళేనమ్మా, నాయన పోయింది వీటి వల్ల కాదు, నీ తప్పేం లేదు అంది. హులిగెమ్మ వాటిని చెంపలకి ఆనించుకుని, ఏళ్ళ తరబడి పట్టి ఉంచిన ఏడుపంతా ఏడ్చింది. ఏడ్చి తేరుకుని, కూతురి బోడి వేలు చూసింది.

"మరి ఆ ఉంగరం ఎవరిచ్చినారే నీకు?"

సుమ గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

"ఇప్పుడు ఎవరూ కాదమ్మా" అంది.