కొలతగాడు

నేను పరిశోధనకి తీసుకున్న అంశం విని మా గైడ్ నవ్వారు. యముడి దగ్గర దర్జీ కూడా ఉన్నాడా అమ్మా అన్నారు. దర్జీ కాదు, కొలతగాడు. ప్రాణం తీసేవాళ్ళకంటే ముందే వచ్చి, నిద్రపోతున్న మనిషిని పాదం నుంచి నడినెత్తిదాకా దారంతో కొలుచుకుపోతాడు. కొలత కుదిరితేనే మిగతావాళ్ళు వస్తారు. వాడి గురించి ఎక్కడా నాలుగు వాక్యాలకి మించి లేవు. నాకు అదే నచ్చింది.

ఆ వారం లైబ్రరీలో ఓ పాత చేతిరాత ప్రతి దొరికితే నకలు తీయించుకుని ఇంటికి తెచ్చాను. రాత్రి ఒంటిగంట దాటింది. గదిలో టేబుల్ లైటు ఒక్కటే వెలుగుతోంది. నా వెనక మంచం మీద అక్క నిద్రపోతోంది. తనకి ఏడో నెల. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయేమో, కూడబలుక్కుంటూ పైకే చదువుతున్నాను.

కాసేపటికి తడిసిన నూలు వాసన వేసింది. కిటికీ మూసే ఉంది. ఫ్యాన్ చప్పుడు కింద ఇంకేదో చప్పుడు... గుడ్డ మీద దారం ఈడ్చినట్టు. సన్నగా. ఆగి ఆగి.

"ఎందుకే నా కాలు పట్టుకున్నావు?" అంది అక్క నిద్రమత్తులో.

నేను కుర్చీలోనే ఉన్నాను.

నా చూపు చేతిలో కాగితం చివరి వరుస దగ్గర ఆగింది. ముడుచుకుని పడుకున్న మనిషి కొలత కుదరదని ఉంది అందులో.

మెల్లగా వెనక్కి తిరిగాను. అక్క పాదాల దగ్గర దుప్పటి నొక్కుకుపోయి ఉంది... ఎవరో వేలితో అదిమినట్టు. ఆ నొక్కు మోకాళ్ళదాకా వచ్చింది. నడుందాకా వచ్చింది. కడుపు దగ్గర ఆగింది.

ఎలా లేచానో తెలీదు. మంచం మీద ఉన్నాను.

"అక్కా, కాళ్ళు ముడుచుకో."

"ఏమైందే?"

"అడక్కు. ముడుచుకో."

తన మోకాళ్ళు పైకి లాగి, వెనకనుంచి వాటేసుకుని, నేనూ ఉండచుట్టుకుపోయాను. నా మడమకి ఏదో తగిలింది. చల్లగా, తడిగా. పాదమంతా తడిమి చూసింది. ఊపిరి బిగబట్టి కాలు ఇంకా లోపలికి లాక్కున్నాను. ఆ చప్పుడు చాలాసేపు మంచం చుట్టూ తిరిగింది... తర్వాత తలుపు వైపు వెళ్ళింది. ఆపైన వినపడలేదు.

తెల్లారింది. అక్క హాయిగా నిద్రపోతోంది. కడుపు మీద చెయ్యి వేస్తే బిడ్డ లోపలినుంచి గట్టిగా తన్నింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. చప్పుడు కాకుండా కుళ్ళికుళ్ళి ఏడ్చాను.

మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ పాలు కాస్తోంది. పదేళ్ళుగా మోకాళ్ళు చాపలేక ముడుచుకునే నిద్రపోయే మనిషి, గోడ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉంది. మొహం కళకళలాడిపోతోంది.

"రాత్రి నా కాళ్ళు పట్టింది నువ్వేనా?" అంది. "ఎంత మెల్లగా చాపావో తల్లీ. ఇన్నేళ్ళకి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను."

అవునమ్మా, నేనే, అన్నాను.