తొమ్మిదో బోను

ఆ గదికి మంచి పేరు లేదు. మందులు పరీక్షించే భవనంలో, పొడుగాటి వరండా చివర, ఎప్పుడూ ఫినాయిల్ వాసన కొట్టే ఎలుకల గది. పగలంతా డాక్టర్లు తిరుగుతుంటారు కాబట్టి ఫర్వాలేదు. దీపాలు ఆర్పాక మాత్రం అటు తొంగిచూసే ధైర్యం, అక్కడ రాత్రి డ్యూటీ చేసే ఆవిడకి తప్ప, ఆ భవనంలో ఎవరికీ లేదు.

వాచ్‌మన్ తాతని కదిపితే చాలు, కాళ్లు బారజాపుకుని మొదలుపెట్టేవాడు. వెనకటికి అక్కడ మందులు కలిపే ఉద్యోగి ఒకడు ఉండేవాడట. ఎలుకల కోసం కొలిచే మత్తుమందులోంచి రోజూ కాస్త తన ఒంట్లోకి ఎక్కించుకునేవాడట. ఓ రోజు పొద్దున్నే తలుపు తీస్తే — తొమ్మిదో బోను ముందు బోర్లా పడున్నాడు. చెయ్యి బోనులో... వేలు మీట మీద.

"అప్పట్నుంచీ నొక్కుతూనే ఉన్నాడమ్మా," అనేవాడు తాత గొంతు తగ్గించి. "టిక్... టిక్... ఖాళీ బోనులోంచి."

వినేది బోనులక్క. ఆ గదిలో బోన్లు కడిగి, మేత పెట్టే ఆవిడ. ఎలుకలకి రాత్రే పగలు, అందుకని ఆమె డ్యూటీ కూడా రాత్రే. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎవరి నోటా లేదు.

అక్కడి పని ఇదీ. ప్రతి బోనులో ఒక మీట ఉంటుంది. ఎలుక దాన్ని నొక్కితే గొట్టం చివర ఒక చుక్క మత్తునీరు. నాలుగు రోజుల్లో ఎలుక దానికి మరిగిపోతుంది. అప్పుడు డాక్టరమ్మ సగం ఎలుకలకి మత్తు ఎక్కకుండా అడ్డుపడే మందు పొడుస్తుంది, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్లు. మందు పడ్డ ఎలుక మొదట పిచ్చెత్తినట్టు నొక్కుతుంది. ఎంత నొక్కినా పాత సుఖం రాదు. చివరికి విసుగెత్తి, ఓ మూల కూర్చుని మూతి కడుక్కుంటుంది. నీళ్లు పడ్డది మాత్రం నొక్కుతూనే ఉంటుంది, పాపం.

మూతి కడుక్కునే ఆ ఎలుకల్ని చూసినప్పుడల్లా బోనులక్కకి కళ్లు చెమర్చేవి. ఎందుకంటే ఇంట్లో తమ్ముడున్నాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు, సూదికి బానిసయ్యాడు. ఆస్పత్రిలో చేర్చి, ఎలాగో బయటపడేసింది. ఏడు నెలలైంది. రోజుకొక మాత్ర — ఈ గదిలో ఎలుకల మీద గట్టెక్కి, మనుషుల దాకా వచ్చిన మందే అది.

"మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు," అని ఆస్పత్రి డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఒళ్లు పాత అలవాటు మర్చిపోయింది. ఇప్పుడు పాత మోతాదు ఎక్కిస్తే ఊపిరి ఆగిపోతుంది."

అందుకే మాత్రల సీసా ఎప్పుడూ ఆమె కొంగున ఉండేది. రోజూ ఎనిమిదింటికి తమ్ముడు అన్నం డబ్బా పట్టుకొచ్చేవాడు. తాత ముందు మాత్ర వేసుకోవడం నామోషీ అని లోపలికి వచ్చేవాడు. మాత్ర నోట్లో వేసుకుని, మూలన తొమ్మిదో బోను పక్కనున్న కుళాయి దగ్గరికెళ్లి, వంగి నీళ్లు తాగి, తిరిగొచ్చి నోరు తెరిచేవాడు. ఆమె టార్చి వేసి నాలుక కింద కూడా చూసేది. నోరు ఖాళీ. అప్పుడు గానీ ఆమెకి ముద్ద దిగేది కాదు.

మొదట్లో ఆ చేదుకి వాడి మొహం చూడాలి, నవ్వాగేది కాదు. ఈ మధ్య మొహం చిట్లించడం మానేశాడు. అలవాటు పడ్డాడులే అనుకుంది.

ఆ చప్పుడు కూడా ఈ మధ్యనే మొదలైంది. మూడు వారాలుగా, అర్ధరాత్రి దాటాక...

టిక్.

టిక్... టిక్...

తొమ్మిదో బోనులో ఎలుక లేదు. అయినా మీట చప్పుడవుతోంది.

తమ్ముడితో చెబితే వాడు నవ్వలేదు సరికదా, గుసగుసగా అన్నాడు. "నేనూ విన్నానక్కా. ఆ మూలకి మాత్రం వెళ్లకు. నీళ్లు కావాలంటే బయట పట్టుకో."

ఆమె వెళ్లలేదు. మూడు వారాలు ఆ మూల ఊడవనైనా లేదు.

కానీ ఆ రాత్రి చప్పుడు ఆగలేదు. టిక్... టిక్... టిక్... చెవులు మూసుకున్నా వినిపిస్తోంది. చివరికి భయం కన్నా విసుగు ఎక్కువైంది. "చచ్చినోడివి చచ్చినట్టు ఉండకూడదట్రా నాయనా!" అని పైకే తిట్టుకుంటూ టార్చి తీసింది.

ఒక్కో అడుగూ వేసింది... వంగింది... వెలుగు బోనులో పడింది.

రెండు ఎర్రటి కళ్లు.

కెవ్వుమనబోయి ఆగింది. ఎలుక! ఎడమ చెవికి గాటు... నెల కిందట బోను కడుగుతుంటే చేతిలోంచి జారి పారిపోయిన ఎలుక. మాట పడాల్సొస్తుందని పుస్తకంలో 'చనిపోయింది' అని రాసేసింది తనే. ఉప్పునీళ్లు పడ్డ జట్టులోది. తలుపు తెరిచే ఉన్న తన పాత బోను వెతుక్కుంటూ వచ్చి, ఏమీ రాని మీటని రాత్రంతా నొక్కుతోంది.

"నువ్వటే, నా దెయ్యానివి!" నేలమీద కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

వెలుగుకి బెదిరి ఎలుక బోనులోంచి దూకింది. కుళాయి కింద, గొట్టం వెనక ఉన్న కంతలోకి దూరింది. పట్టుకుందామని ఆమె టార్చి అటు తిప్పింది.

దూది పీలికలు. కాగితం ముక్కలు. ఎలుక కట్టుకున్న గూడు. దాన్నిండా... తెల్లగా ఏవో.

వేలు పెట్టి లాగింది. మాత్రలు. మధ్యలో గీతున్న మాత్రలు, తన కొంగున ఉన్న సీసాలోవే. ఎలుక కొరికి, చేదుకి వదిలేసినట్టు పంటిగాట్లు. ఒకటి కాదు, రెండు కాదు — మూడు వారాలవి. పైనున్నది ఇంకా తడిగానే ఉంది.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఈ మూలకి వెళ్లొద్దని వాడెందుకు చెప్పాడో ఇప్పుడు అర్థమైంది. నీళ్లు తాగే వంకతో వంగి, మాత్ర రోజూ ఇక్కడే ఉమ్మేశాడు. ఈ ఎలుకలాగే వాడి ఒంట్లోకి కూడా రోజూ నీళ్లే పోయాయి.

ఫోన్ తీసింది. మోగింది... మోగింది... ఎత్తాడు.

"చిన్నోడా... మాత్ర వేసుకున్నావా?"

వాడి గొంతు ముద్దముద్దగా వచ్చింది.

"వేసుకున్నా... అక్కా... నువ్వే... చూశావుగా..."

"నిజం చెప్పరా. తిట్టను. నీ మీద ఒట్టు, ఒక్క మాట అనను. ఇప్పుడేం ఎక్కించుకున్నావ్?"

"మాత్ర... చేదు... అక్కా... భలే... చేదు..."

తర్వాత మాటల్లేవు. ఊపిరి మాత్రం వినిపించింది. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి.

"తాతా! అంబులెన్సుని మా ఇంటికి పిలువు!" ఆమె కేక వరండా అంతా మోగింది. ఫోన్ చెవికి అదుముకుని పరుగు తీసింది. "పడుకోకురా... వచ్చేస్తున్నా... ఇంకొక్కసారి ఊపిరి తీసుకో నాన్నా... ఇంకొక్కసారి..."

వెనక, ఖాళీ గదిలో, ఎలుక మళ్లీ బోనెక్కింది.

టిక్... టిక్... టిక్...

ఆ చప్పుడు ఒక్కటీ తప్పడం లేదు. ఫోన్లో ఇంకో ఊపిరి కోసం ఆమె ఎదురుచూస్తూనే ఉంది.